మందు ఇచ్చాక ఏం చూస్తావు?



డాక్టరు కేస్ షీట్‌లో మందు రాస్తారు. ఫార్మసీలో ఎవరో తీసి ఇస్తారు. దాన్ని సిరంజిలోకి లాగి మనిషి ఒంట్లోకి ఎక్కించేది మాత్రం నర్సు. రాసినదాంట్లో తప్పున్నా, తీసి ఇచ్చినదాంట్లో తప్పున్నా ఆపగలిగిన ఆఖరి మనిషి ఆమే. బోధనాసుపత్రుల్లో ఆమె పక్కనే ట్రే పట్టుకుని 19, 20 ఏళ్ళ అమ్మాయి ఒకతి నిలబడి ఉంటుంది. ఈమధ్య అబ్బాయిలూ కనబడుతున్నారు. నర్సింగ్ విద్యార్థులన్నమాట. వీళ్ళకి ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం ఎలా నేర్పాలి, అందులోనూ ప్రాణం మీదికొచ్చిన రోగి దగ్గర ఎలా నేర్పాలి అన్నది ఇవాళ్టి నా మాట.

అన్ని మందుల గురించీ చెప్పబోవడం లేదు. ముందుగా ఒక్కటి తీసుకుంటాను. ప్రతి లేబర్ రూమ్‌లోనూ ఉండే మెగ్నీషియం సల్ఫేట్.

గర్భిణికి బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోతూ, చివరికి ఫిట్స్ వచ్చే జబ్బు ఒకటుంది. గుర్రపువాతం అని పాతవాళ్ళు అనేవారు. కాన్పుకి ముందూ రావచ్చు, నొప్పులు పడుతున్నప్పుడూ రావచ్చు, బిడ్డ పుట్టిన మర్నాడూ రావచ్చు. ఈ ఫిట్స్‌కి ఏ మందు మేలన్న తగువు చాలాకాలం నడిచింది. 1995లో లాన్సెట్ పత్రికలో ఒక అంతర్జాతీయ అధ్యయనం అచ్చయింది. అందులో మన దేశపు ఆసుపత్రులూ ఉన్నాయి. డయాజిపామ్ ఇచ్చిన తల్లులతో పోలిస్తే మెగ్నీషియం ఇచ్చిన తల్లుల్లో ఫిట్స్ తిరగబెట్టడం సగానికి పైగా తగ్గిందని అక్కడ తేలింది. తగువు దాదాపు అక్కడితో తీరిపోయింది. పైగా మందు చవక.

ఆంప్యూల్ 2 మి.లీ. ఉంటుంది. అందులో మందు 1 గ్రాము, అంటే 50 శాతం ద్రావణం. మనవైపు బాగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం మొదటి విడతలో 4 గ్రాములు నరానికి, 10 గ్రాములు కండకి ఇవ్వాలి. నరానికిచ్చే 4 గ్రాములంటే నాలుగు ఆంప్యూల్స్, 8 మి.లీ. దానికి 12 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపితే 20 మి.లీ. అయి, 20 శాతం ద్రావణమవుతుంది. కనీసం అయిదు నిమిషాలు పట్టేలా నెమ్మదిగా ఎక్కించాలి. ఎక్కిస్తున్నప్పుడు ఒళ్ళంతా వేడి పుడుతుంది. ఆ సంగతి ముందే, “కాస్త వేడిగా అనిపిస్తుందమ్మా, భయపడకు” అని చెప్పడం కూడా పాఠంలో భాగమే. తర్వాత ఒక్కో పిరుదుకి 5 గ్రాములు, అంటే అయిదేసి ఆంప్యూల్స్. మొత్తం కలిపితే 14. ఈ 14 అన్న అంకెతో మనకి మళ్ళీ పనుంది.

ఇంతవరకూ చెప్పింది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. విద్యార్థి కూడా అప్పజెప్పేస్తుంది. అసలు చదువు సూది బయటికి తీశాక మొదలవుతుంది.

ఈ మందు శరీరంలోంచి బయటికి పోయే దారి దాదాపు ఒక్కటే, మూత్రపిండాలు. మరి ఈ జబ్బులో ముందు దెబ్బతినే అవయవాల్లో మూత్రపిండాలూ ఉన్నాయి. మూత్రం సరిగా రాకపోతే మందు రక్తంలోనే పేరుకుపోతుంది. పేరుకుంటే ఏమవుతుంది? నరం నుంచి కండరానికి సందేశం అందదు. ఫిట్స్ ఆపడానికి రక్తంలో ఉండాల్సిన మోతాదు లీటరుకి 4 నుంచి 7 మిల్లీఈక్వివలెంట్లు. 10 దగ్గరికొచ్చేసరికి మోకాలి మీద సుత్తితో తడితే కాలు ఎగరదు. 12 దాటితే ఊపిరే ఆగిపోవచ్చు. అంటే ఊపిరి కంటే ముందు మోకాలు చెప్తుందన్నమాట. ఈ వరస అర్థమైన విద్యార్థికి ఎందుకు చూడాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. నాలుగు గంటలకొకసారి 5 గ్రాములిచ్చే ముందు ప్రతిసారీ మూడు చూడాలి. ఊపిరి నిమిషానికి 16కి తగ్గకూడదు. మోకాలు ఎగరాలి. గడిచిన నాలుగు గంటల్లో మూత్రం గంటకి 30 మి.లీ. చొప్పున అయినా వచ్చి ఉండాలి. వీటిలో ఏది తప్పినా మందు ఆపి, డాక్టర్ని పిలవాలి. ఊపిరి మందగిస్తే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్, 10 శాతంది 10 మి.లీ., నెమ్మదిగా నరానికి. ఆ ఆంప్యూల్ వెతుక్కోకుండా మంచం పక్కనే ఉండాలి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పుకోవాలి. ఒక గదిలో ఫార్మకాలజీ, ఇంకో గదిలో ప్రసూతి నర్సింగ్, మరో గదిలో మూత్రపిండాల పని అని విడివిడిగా చెప్పి, ఇవన్నీ విద్యార్థి బుర్రలో వాటంతటవే కలుస్తాయని మనం అనుకుంటున్నాం. కలవవు. కలిసేది మంచం దగ్గరే. ఒక చేత్తో మోకాలి సుత్తి, ఇంకో చేత్తో మూత్రం సంచీ పట్టుకుని లెక్కేసినప్పుడు మూడు సబ్జెక్టులూ ఒకటవుతాయి.

కాగితం మీద చూస్తే మన సిలబస్‌కి వంక పెట్టలేం. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ నర్సింగ్‌ని సెమిస్టర్ పద్ధతిలోకి మార్చింది. ఫార్మకాలజీ మూడో సెమిస్టర్లో మొదలై నాలుగో సెమిస్టర్లో పూర్తవుతుంది. పెద్దవాళ్ళ జబ్బుల నర్సింగ్ కూడా ఆ రెండు సెమిస్టర్లలోనే నడుస్తుంది. గుండె జబ్బు చదువుతున్నప్పుడే గుండె మందులూ చదవాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. టైంటేబుల్ వేసేవాళ్ళు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడకపోతే, ఇక్కడ యాంటీబయాటిక్స్ నడుస్తుంటాయి, అక్కడ గుండెపోటు నడుస్తుంటుంది. పరీక్ష దగ్గర పడితే ఇక క్లాసిఫికేషన్లు బట్టీ పట్టడమే. బీటా బ్లాకర్ల పేర్లు తొమ్మిది చెప్పగలిగిన అమ్మాయిని, “అటెనోలాల్ వేసుకునే షుగర్ పేషంట్‌కి షుగర్ పడిపోతే గుండెదడ రాకపోవచ్చు, మరి నువ్వెలా కనిపెడతావు?” అని అడగండి. నేల చూపులు చూస్తుంది. చెమట మాత్రం పడుతుందని, చెయ్యి పట్టుకుని చూస్తే తెలుస్తుందని ఎవరో ఒకరు పేషంట్ దగ్గరే చెప్పి ఉండాలి.

చూడటం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఒక పాత జబ్బు చెప్పాలి. ఏ వార్డులోనైనా చార్టు తిరగేసి ఊపిరి గడి చూడండి. ఒకటో బెడ్ 20. రెండో బెడ్ 20. ఏడో బెడ్ ఆయన కూర్చుని, భుజాలు ఎగరేస్తూ గాలి కోసం కొట్టుకుంటుంటాడు, ఆయనకీ 20. థర్మామీటర్ జ్వరం చెప్తుంది, మిషన్ బీపీ చెప్తుంది, వేలికి పెట్టిన క్లిప్ నాడినీ ఆక్సిజన్‌నీ చెప్తుంది. ఊపిరి లెక్కపెట్టే మిషన్ మామూలు వార్డులో ఉండదు. మనమే నిమిషంపాటు నిలబడి లెక్కపెట్టాలి. ఆ నిమిషం దొరకదు, అందుకని 20. తమాషా ఏమిటంటే, మనిషి పరిస్థితి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు ముందుగా మారేది ఈ అంకే. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో రూపొందించి 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక స్కోరులో ఊపిరి 12 నుంచి 20 మధ్య ఉంటే సున్నా మార్కులు, 25కి చేరితే నేరుగా మూడు. నాడి, బీపీ, జ్వరం, ఆక్సిజన్, స్పృహ అన్నీ కలిపి 5 వస్తే వెంటనే డాక్టరు చూడాలి, 7 వస్తే ఎమర్జెన్సీ బృందం రావాలి. అన్నిచోట్లా 20 అని రాసుకుంటూ పోతే ఆ స్కోరు చేతిలో ఉండీ లాభం లేదు.

ఇలా చూస్తూనే ఇవ్వాల్సిన మందు ఇంకొకటుంది. పత్తీ మిరపా పండే ప్రాంతాల ఆసుపత్రుల్లో పురుగుమందు విషం కేసు తెలియని నర్సు ఉండదు. ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఒంట్లో చేరితే నోటివెంట చొంగ, ఊపిరితిత్తుల్లో నీరు, చెమట, సూది మొనంత కంటిపాపలు, నెమ్మదించిన నాడి. విరుగుడు అట్రోపిన్. ఈ మందుకి అందరికీ సరిపోయే మోతాదంటూ ఉండదు. రోగి ఛాతీయే మోతాదు చెప్తుంది. మన ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములుంటుంది. మూడు ఆంప్యూల్స్‌తో మొదలుపెట్టారనుకోండి. అయిదు నిమిషాలాగి స్టెత్ పెట్టి వింటే ఛాతీలో ఇంకా గురగుర ఉంది. రెట్టింపు, ఆరు. మళ్ళీ అయిదు నిమిషాలు. ఇంకా ఉంది. పన్నెండు. పది నిమిషాలు గడిచేసరికి 21 ఆంప్యూల్స్ విరిచాం. ఛాతీ శుభ్రంగా వినబడాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు పొడిబారాలి. అక్కడికి రెట్టింపులు ఆగుతాయి, తర్వాత సెలైన్‌లో సన్నగా నడిపిస్తారు.

చంకలో చెయ్యి పెట్టి తడి ఉందా పొడిగా ఉందా చూడమంటే కొత్త విద్యార్థులు మొహమాటపడతారు. చూడాలి. తెల్లవారుజామున మూడింటికి కూడా చూడాలి. ఎందుకంటే అట్రోపిన్ ఎక్కువైనా కష్టమే. రోగి లేని వస్తువుల్ని గాల్లో పట్టుకోబోతాడు, దుప్పటి పీకుతాడు, జ్వరమొస్తుంది, పొట్ట మీద స్టెత్ పెడితే పేగుల చప్పుడు వినబడదు. పక్కనున్న బంధువులు మతి చెడిందని కంగారుపడతారు. ఆ సమయంలో వచ్చిన నర్సు చేతులు కట్టేయడం ఒక్కటే చేసిందంటే ఆమెకి ఫార్మకాలజీ అందలేదనే నేనంటాను. ఆమె చేయాల్సింది ఇన్ఫ్యూజన్ పంపు వైపు చూసి, డ్యూటీ డాక్టర్ని పిలవడం.

ఇప్పుడు ఆ 14 దగ్గరికి వద్దాం. సూదిమందుల విషయంలో అనుభవమున్న సిస్టర్లు విద్యార్థులకి చెప్పే సూత్రం ఒకటుంది. ఒక డోసుకి రెండు మూడు ఆంప్యూల్స్ మించి విరవాల్సి వస్తోందంటే ఆగు, లెక్క ఎక్కడో తప్పింది అని. బంగారంలాంటి సూత్రం. దశాంశ బిందువు పక్కకి జరిగి పది రెట్లు రాసిన డోసుల్ని పట్టుకునేది ఇదే. కానీ మెగ్నీషియంకి 14, అట్రోపిన్‌కి 21. రెండుచోట్లా సూత్రం పనికిరాలేదు. సూత్రం మాత్రమే తెలిసిన అమ్మాయి ఇక్కడ మందు ఆపేసి ప్రమాదం తెస్తుంది. మినహాయింపులు మాత్రమే చూసిన అమ్మాయి రేపు హెపారిన్ దగ్గర ధీమాగా అయిదు విరిచేస్తుంది. ఈ ఇబ్బందికి ఇంకో సూత్రం తయారు చేసుకుంటే సరిపోదు. ఆగడం ఆగాలి. ఆగి, “ఇంత ఎందుకు?” అని అడగాలి. జవాబు మందు పనిచేసే తీరులో దొరకాలి.

లెక్కల మాటకొస్తే, ఇన్సులిన్ ఒక్కటే చాలు విద్యార్థులకి ఒక పూటంతా చెప్పడానికి. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది, మి.లీ.కి 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజిలూ రెండు రకాలు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 బలం సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది అర మి.లీ., అంటే 50 యూనిట్లు. ఇవ్వాల్సింది 20. తలకిందులు చేసి, 40 బలాన్ని నారింజ మూత సిరంజితో 20 దాకా లాగితే 8 యూనిట్లే. సీసా, సిరంజి రెండూ చేతికిచ్చి, నీళ్ళతో లాగించి, ఈ తేడా కళ్ళారా చూపించాలి. బోర్డు మీద రాస్తే మర్చిపోతారు. “యూనిట్లు” అని పూర్తిగా రాయకుండా ఒక్క ఇంగ్లీషు అక్షరం ‘యు’ పెడితే అది సున్నాలా కనబడి 4 కాస్తా 40 అయ్యే ప్రమాదం కూడా అప్పుడే చెప్పాలి.

ఇక టిఫిన్ సంగతి. మామూలు రెగ్యులర్ ఇన్సులిన్ అరగంటలో పని మొదలుపెట్టి రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఉద్ధృతంగా ఉంటుంది. ఏడున్నరకి ఇంజక్షన్ ఇచ్చేశాం, ఇడ్లీ బండి తొమ్మిదిన్నరకి వచ్చింది. లేదా స్కానింగ్ ఉందని పొద్దున్నుంచీ ఏమీ తినొద్దన్నారు, ఇన్సులిన్ మాత్రం పాత ఆర్డర్ ప్రకారం పడిపోయింది. సరైన రోగి, సరైన మందు, సరైన డోసు, సరైన దారి, సరైన వేళ అని విద్యార్థులు వల్లించే అయిదూ ఇక్కడ కేస్ షీట్ ప్రకారం సరిగ్గానే ఉన్నాయి. షుగర్ మాత్రం 48కి పడింది. “తిన్నావా పెద్దమ్మా?” అన్న ప్రశ్న ఆ అయిదింటిలో లేదు మరి.

బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావడానికి బయటి దేశాలవాళ్ళు రాసే పరీక్షలో మందుల లెక్కలకి ఒక విడి భాగమే ఉంది. మన పిల్లలు అక్కడికి వెళ్ళాలనుకున్నాక కోచింగ్ సెంటర్లో కూర్చుని నేర్చుకుంటున్నారు. సెలైన్ 500 మి.లీ. నాలుగు గంటల్లో ఎక్కాలంటే, మి.లీ.కి 20 చుక్కల సెట్టుతో నిమిషానికి సుమారు 42 చుక్కలు. ఇది రెండో ఏడు విద్యార్థి వాచీ చూస్తూ చేయగలగాలి. విమానం ఎక్కబోయే ముందు నేర్చుకునే విద్య కాదిది.

ఇంకొక విషయం మాట్లాడకుండా ముగించలేను. అర్ధరాత్రి డాక్టర్‌కి ఫోన్ చేయడం. కొత్త సిస్టర్ ఫోన్ ఎలా ఉంటుందంటే: “సార్, తొమ్మిదో బెడ్ పేషంట్ బాలేదు సార్.” అవతల్నుంచి: “బాలేదంటే ఏంటమ్మా?” “ఏమో సార్, అదోలా ఉన్నాడు.” ఫోన్ పెట్టేస్తారు. అదే ఫోన్ ఇంకోలా చేయొచ్చు. “సార్, మెడికల్ వార్డు తొమ్మిదో బెడ్. 60 ఏళ్ళాయన, నిమోనియా, నిన్న చేరారు. గంట క్రితం ఊపిరి 22, ఇప్పుడు 30. ఆక్సిజన్ పెట్టినా 89 దాటట్లేదు. బీపీ 90 మీద 50. పిలిస్తే ఆలస్యంగా పలుకుతున్నారు. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్. ఈలోపు సెలైన్ మొదలుపెట్టమంటారా?” నిద్రలో ఉన్న ఏ డాక్టరైనా లేచి వస్తారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి నుంచి ఆసుపత్రులకి వచ్చిన వరస ఇది. పరిస్థితి, వెనకటి కథ, నాకు కనిపించింది, నాకు కావలసింది. మన విద్యార్థికి మొదటి మూడూ తేలిగ్గా వస్తాయి. నాలుగోది, “మీరు రావాలి సార్” అన్న మాట, గొంతు దాటదు. పెద్దవాళ్ళకి చెప్పడమేమిటన్న సంకోచంతో పెరిగిన పిల్లలు. అందుకే స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ ఛాతీ నొక్కించడంతో పాటు ఈ ఫోన్ కూడా పదేపదే చేయించాలి. అవతలి పక్క నిజంగా ఒక హౌస్ సర్జన్ ఉండి కాస్త విసుక్కుంటే మరీ మంచిది.

వింటున్న మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు వార్డులో ఎవరికో తోడుగా కూర్చున్నవాళ్ళే. మీరు చేయగలిగింది ఒకటుంది. సిస్టర్ గానీ విద్యార్థి గానీ సూది తీసుకుని దగ్గరికొస్తే, “ఇది ఏం మందమ్మా, దేనికి?” అని అడగండి. మీవాళ్ళకి ఏ మందైనా పడకపోతే వాళ్ళు అడక్కముందే చెప్పండి. కోపంగా అడగనక్కర్లేదు. చెప్పగలిగితే ఆ విద్యార్థికి మంచిదే. చెప్పలేకపోతే వెనక్కెళ్ళి తెలుసుకుని వస్తుంది, అది ఇంకా మంచిది.

కాలేజీలు నడిపేవాళ్ళకి నా మనవి రెండు విషయాలు. ఫార్మకాలజీ చెప్పే టీచరు వారానికి రెండు పొద్దుటి పూటలైనా వార్డులో ఉండాలి. ఎనిమిది గంటల మందుల రౌండులో విద్యార్థి వెంట నడిచి, ప్రతి బెడ్ దగ్గరా, “ఇది ఇచ్చాక అరగంటకి నువ్వేం చూస్తావు?” అని అడగాలి. వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని నెలకొకసారి క్లాసుకి పిలిచి ఆ నెల వార్డులో జరిగిన మందుల సంగతులు చెప్పించాలి. వీటికి కొత్త భవనం అక్కర్లేదు, డ్యూటీ చార్ట్ మార్చి రాస్తే చాలు.

రెండోది ప్రాక్టికల్ పరీక్ష. ఒక కేస్ షీట్ ఇవ్వండి. గుండె నీరసించిన పెద్దాయన, డిగాక్సిన్ 0.25 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఇవ్వాలని రాసి ఉంది. నిన్నట్నుంచీ వాంతులు, చూపు పచ్చగా ఉందంటున్నాడు. స్టెత్ పెట్టి నిమిషంపాటు లెక్కపెడితే గుండె 52 సార్లు కొట్టుకుంది. “ఇప్పుడు నువ్వేం చేస్తావు?” అని అడిగి ఊరుకోండి. “మాత్ర ఇప్పుడు ఇవ్వను మేడమ్, డాక్టరుగారికి చెప్తాను, ఈసీజీ తీయమంటారేమో అడుగుతాను, పొటాషియం రిపోర్టు వచ్చిందేమో చూస్తాను” అన్న విద్యార్థికి పూర్తి మార్కులు వేయండి. డిగాక్సిన్ ఏ మొక్కలోంచి వచ్చిందో ఆమెకి గుర్తు రాకపోయినా సరే.